సవరణ: మారియో మారేది బుద్ధ విగ్రహంగా కాదు

కడపలో మా ఈడు పిల్లలు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ ఆటల మీద మొన్న పెట్టిన పోస్టులో, ‘సూపర్ మారియో బ్రదర్స్ 3’ (1988)లో ఆకు పట్టుకుంటే మారియో బుద్ధ విగ్రహంగా మారతాడని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా సరిచేసి చదవండి.

ఆకుతో వచ్చేవి చెవులు, తోక, ఎగిరే శక్తి. విగ్రహం కావాలంటే ఒళ్లంతా కప్పే తనూకీ సూట్ ఉండాలి. అది దొరకడమే అరుదు. కింది బాణం, బీ బటన్ కలిపి నొక్కితే కొద్ది సెకన్లు రాయిగా నిలబడిపోతాడు. శత్రువులు తగిలినా ఏమీ కాదు. గాల్లో ఉండగా నొక్కితే మాత్రం కిందున్నవాళ్ల మీద బండలా పడతాడు! దాక్కునే వేషమే ఆయుధమైపోవడం నాకు ఈ ఆట మొత్తంలో బాగా నచ్చిన ఆలోచన.

ఇక ఆ విగ్రహం జిజోది. జపాన్‌లో దారుల పక్కన, గుళ్ల దగ్గర కనిపించే బోధిసత్త్వుడు (అందరి మేలు కోసం బుద్ధత్వాన్ని వాయిదా వేసుకున్న బౌద్ధ పుణ్యమూర్తి), మన సంస్కృతంలో క్షితిగర్భుడు. పిల్లల్నీ బాటసారుల్నీ కాపాడతాడని అక్కడివాళ్ల నమ్మకం. మెడకు ఎర్రగుడ్డ కడతారు. తనూకీ ఏమో జపాన్ జానపద కథల్లో రూపాలు మార్చి మనుషుల్ని ఏమార్చే జంతువు. సూట్‌కు ఈ విద్య అబ్బింది అక్కడినుంచే.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జతచేయండి.