గాయం తర్వాతి సీన్‌లో కూడా ఉండాలి

తెర నిండా రక్తం చల్లితే అది రియలిస్టిక్ వయొలెన్స్ అయిపోతుందా? ఈమధ్య మన సినిమాల్లో వరసపెట్టి తలలు తెగిపడుతున్నా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండటం లేదు. ‘గ్రీన్ రూమ్’లో మాత్రం ఒక్క కుర్రాడి చేతికి కత్తి దెబ్బ తగిలితే నా పైప్రాణాలు పైనే పోయాయి.

జెరెమీ సాల్నియర్ తీసిన ఇండిపెండెంట్ సినిమా అది. 2015లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో, డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో వేశారు. కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. పెట్రోలుకి కూడా డబ్బుల్లేని ఓ పంక్ రాక్ బ్యాండ్, అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో నియో నాజీల (హిట్లర్ భావాల్ని ఇప్పటికీ మోసేవాళ్ల) క్లబ్‌లో పాడటానికి వెళ్లి అక్కడ జరిగిన హత్యను చూసేస్తుంది. ఇక గదిలో వీళ్లు, బయట వాళ్లు, మధ్యలో ఒక తలుపు.

ఆ తలుపు దగ్గరే ఉంది అసలు టెన్షనంతా. బయట నిలబడ్డ క్లబ్ ఓనర్‌గా వేసింది పాట్రిక్ స్టూవర్ట్. అరవడు, బెదిరించడు. ఇంటి పెద్దమనిషి నచ్చజెప్పినట్టు నిదానంగా మాట్లాడుతూ, లోపలివాళ్ల దగ్గరున్న తుపాకీ ఇచ్చేయమంటాడు. బ్యాండ్ కుర్రాడిగా వేసిన ఆంటన్ యెల్చిన్ తలుపు కాస్త తీసి అందించబోతాడు. అంతే, చెయ్యి దొరకబుచ్చుకుంటారు. అవతల ఏం చేస్తున్నారో మనకి కనబడదు. వీడి కేకలు, లోపలివాళ్ల పెనుగులాట మాత్రమే. చెయ్యి వెనక్కి వచ్చాక, మణికట్టు దగ్గర తెగి వేలాడుతూ, ఒక్క క్షణం చూపిస్తాడు దర్శకుడు.

అక్కడితో వదిలేయలేదు. ఆ చేతికి డక్ట్ టేప్ చుట్టుకుని మిగతా సినిమా అంతా లాగుతాడు ఆ కుర్రాడు. పక్కవాళ్లు పోతుంటే ఎవరికీ చివరి డైలాగు ఉండదు, ఏడవడానికి టైమూ ఉండదు. ఇదే దర్శకుడి ‘బ్లూ రూయిన్’లో పగ తీర్చుకోవడానికి బయల్దేరిన హీరో తొడలో దిగిన బాణాన్ని సొంతంగా పీక్కోవాలని నానా తంటాలు పడి, చేతకాక హాస్పిటల్లో పడతాడు. పగ తీర్చుకునేవాడికీ ఒళ్లు నొప్పి పుడుతుందని నమ్మిన దర్శకుడు కాబట్టే, ఆ హీరో కత్తి పట్టిన ప్రతిసారీ నాకు భయం వేసింది, ఈల వేయాలనిపించలేదు.

మన దగ్గర భుజంలో బుల్లెట్ దిగిన హీరో పది నిమిషాల్లో డ్యూయెట్‌కి రెడీ. తగిలిన దెబ్బని గుర్తుపెట్టుకోవడానికి బడ్జెట్‌తో పనేముంది? చిన్న థ్రిల్లర్లు తీస్తున్న కుర్ర దర్శకులకి నాదొకటే విన్నపం. ఫస్టాఫ్‌లో తగిలిన దెబ్బ సెకండాఫ్‌లో ఆ మనిషి నడకలో ఉందో లేదో, షూటింగ్‌కి ముందే స్క్రిప్టులో ఒకసారి చూసుకోండి.