సత్తిబాబు గ్లాసు

(మండపేటలో ఒక డాబా ఇల్లు. సాయంత్రం ఆరున్నర. బస్సు కండక్టరు సత్యనారాయణ, వయసు యాభై నాలుగు, ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. వంటింట్లో స్టాండు ముందు నిలబడి గ్లాసులన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నాడు. ఆయన భార్య సుజాత, అంగన్‌వాడీ టీచరు, నేలమీద కూర్చుని పేపరు ప్లేట్ల మీద స్కెచ్ పెన్నుతో మొహాలు గీస్తోంది. ఒక మొహం నవ్వుతోంది, ఒకటి ఏడుస్తోంది. మూడోది ఆయనలా ఉంది.)

సత్యనారాయణ: నా గ్లాసేదే?

సుజాత: ఏ గ్లాసండీ?

సత్యనారాయణ: నాకేమైనా గ్లాసుల ఫ్యాక్టరీ ఉందా? పేరు చెక్కిన గ్లాసు.

సుజాత: స్టాండులో డజను గ్లాసులున్నాయి. అన్నింటి మీదా పేర్లు చెక్కే ఉన్నాయి.

సత్యనారాయణ: మీ నాన్న పేరు చెక్కి ఉంది. రోజూ మామగారి పేరు చదువుకుంటూ కాఫీ తాగాలా?

సుజాత: ముందు కూర్చోండి. ఈ ప్లేటు చూసి చెప్పండి, ఇది ఏ మొహం?

సత్యనారాయణ: నెలాఖరు.

సుజాత: అది దిగులు! ఇది?

సత్యనారాయణ: మీ అక్క.

సుజాత: కోపం అండీ, కోపం. వీటిని గోడకి పెడతాను. పొద్దున రాగానే పిల్లలు తమ బొమ్మ చీటీ తీసుకెళ్ళి ఏదో ఒక మొహం కింద పెడతారు. ఇవాళ ఎవడు ఎలా వచ్చాడో నాకు తెలుస్తుంది.

సత్యనారాయణ: ఏడ్చేవాణ్ణి చూస్తే ఏడుస్తున్నాడని తెలీదా? దానికి ప్లేటెందుకు?

సుజాత: ఏడుస్తున్నాడని నాకు తెలుస్తుంది. ఎందుకో వాడికి తెలియాలి కదా. ఆకలేసినా ఏడుపే, అమ్మ కనపడకపోయినా ఏడుపే, పక్కవాడు బొమ్మ లాక్కున్నా అదే ఏడుపు. మాట రానివాడికి పళ్ళే మాట్లాడతాయి. మొన్న కొరికింది అందుకే.

సత్యనారాయణ: ఎవరు, ఎవర్ని?

సుజాత: కొత్తగా చేరిన కుర్రాడు. మూడేళ్ళు నిండి రెండు నెలలైంది. చెక్క గుర్రం దగ్గర పక్కపిల్ల మోచెయ్యి కొరికేశాడు. పళ్ళ అచ్చు ఎంత చక్కగా పడిందంటే, పైన నాలుగు, కింద నాలుగు లెక్కపెట్టచ్చు.

సత్యనారాయణ: రెండు తగిలించకపోయావా?

సుజాత: ఇంకొకళ్ళని నొప్పించకూడదురా అని వాణ్ణి కొట్టి చెప్పాలా? అయినా పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో పదిహేడో సెక్షనుంది.

సత్యనారాయణ: అది బడులకి. మీది అంగన్‌వాడీ.

సుజాత: ఆరేళ్ళవాణ్ణి కొట్టకూడదు, మూడేళ్ళవాణ్ణి అయితే పర్వాలేదు అంటారా? మీ బస్సులో అరటిక్కెట్టు లెక్కలా ఉంది.

సత్యనారాయణ: పోనీ సారీ అయినా చెప్పించావా?

సుజాత: మా ఆయా చెప్పించింది. వాడు ముచ్చటగా "సాలీ" అన్నాడు. పది నిమిషాలు తిరక్కుండా ఇంకోణ్ణి కొరికి, ఎవరూ అడక్కుండానే "సాలీ" అన్నాడు.

సత్యనారాయణ: అంటే టిక్కెట్టు తీసుకుని కొరికాడన్నమాట.

సుజాత: సరిగ్గా పట్టుకున్నారు! అందుకే ముందు కరిపించుకున్న పిల్ల దగ్గర కూర్చున్నాను. చేతికి తడిగుడ్డ పెట్టాం. ఆ గుడ్డ వాడి చేతే తెప్పించాను. "చూడు, ఇక్కడ మండుతోంది దానికి" అని చూపించాను. వాడు ఆ పళ్ళ గుర్తుల్ని చూసి, తన నోట్లో వేలు పెట్టుకుని తడుముకున్నాడు. సారీ గీరీ ఏం లేదు. ఊదాడు.

సత్యనారాయణ: ఏం ఊదాడు?

సుజాత: ఆ చెయ్యి. ఉఫ్, ఉఫ్ అని. సగం ఉమ్మే పడింది, అది వేరే సంగతి.

(సత్యనారాయణ ఒక క్షణం గ్లాసుల సంగతి మరిచిపోయాడు. వెంటనే గుర్తొచ్చింది.)

సత్యనారాయణ: ఇంత తతంగం అవసరమా? అఆలు దిద్దించి, గుడ్డు పెట్టి పంపించక!

సుజాత: 2024లో మాకు ఆధారశిల అని కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో అఆలతో పాటు సామాజిక, భావోద్వేగ వికాసం కూడా...

సత్యనారాయణ: ఆగు, ఆగు. ఆ మాట పలికేసరికి నా స్టాపు దాటిపోయేలా ఉంది.

సుజాత: పోనీ ఇలా వినండి. పక్కవాడితో సర్దుకుపోవడం, తన కోపం తను పట్టుకోవడం. ఇవి రానివాడికి అఆలు ఎక్కవు. మెదడు ఎదుగుదలలో ఎనభై ఐదు శాతం పైన ఆరేళ్ళలోపే అయిపోతుందని 2020 జాతీయ విద్యావిధానంలోనే రాశారు.

సత్యనారాయణ: అంటే మిగిలిన పదిహేను శాతంతోనే నిన్ను చేసుకున్నానన్నమాట! ఇన్నాళ్ళకి తెలిసింది.

సుజాత: పోనీ, పదిహేనైనా వాడారు.

సత్యనారాయణ: మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? ఏడిస్తే గోడకుర్చీ. ఇంకా ఏడిస్తే ఇంకాసేపు గోడకుర్చీ. నిక్షేపంలా లేమూ?

సుజాత: నిక్షేపంలానే ఉన్నారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి గ్లాసు కోసం గిన్నెల్ని చితక్కొడుతున్నారు. పొద్దున బస్సులో ఏదో జరిగింది. అవునా?

సత్యనారాయణ: ఏం లేదు.

సుజాత: ఏ ప్లేటు?

సత్యనారాయణ: ప్లేటూ లేదు, గీటూ లేదు! రావులపాలెంలో ఒకాయన కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేశాడు. ఈలోగా ఇంకొకాయన ఎక్కి దాని మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి న్యాయం చెప్పాను.

సుజాత: ఏమని?

సత్యనారాయణ: తువ్వాలుకి టిక్కెట్టు లేదన్నాను.

సుజాత: విన్నారా?

సత్యనారాయణ: ఇద్దరూ రాజీపడిపోయి నన్ను తిట్టారు. కొత్తపేట దాకా.

సుజాత: మరి! మంట మీదున్నవాడికి న్యాయం చెప్తే చెప్పినవాడే శత్రువు. మా గుర్రం దగ్గరా అంతే. ఎవరిది తప్పని అడిగితే వీడు వాణ్ణి చూపిస్తాడు, వాడు వీణ్ణి చూపిస్తాడు. అదే వాళ్ళ ఎత్తుకి కూర్చుని, "నీకు గుర్రం కావాలి, నీకూ గుర్రమే కావాలి, గుర్రం ఒక్కటే ఉంది, ఏం చేద్దాం?" అంటే వాళ్ళే ఆలోచిస్తారు.

సత్యనారాయణ: ఏం చేశారేంటి?

సుజాత: ఇద్దరూ ఎక్కారు. గుర్రం చెవి ఊడింది. ఇద్దరూ కలిసి చెవి వెతికారు.

(ఇంతకంటే మంచి ఫలితం ఏ పంచాయతీలోనూ రాదని ఆయనకి అనిపించింది. పైకి ఒప్పుకునే రకం కాదు.)

సత్యనారాయణ: సరే, ఆ కొరికేవాడికి అసలు రోగమేంటి?

సుజాత: రోగమేం లేదు. వాళ్ళమ్మ రోజూ వాణ్ణి బొమ్మల దగ్గర కూర్చోబెట్టి, వాడు చూడకుండా వెనక నుంచి జారుకునేది. ఏడవకుండా ఉంటాడని ఆవిడ ఆలోచన. వాడికేమో తల తిప్పేసరికి అమ్మ మాయం. ఇంక ఆ పిల్లాడు ఆటలో మనసెలా పెడతాడు? పది నిమిషాలకోసారి గుమ్మం చూడటం, అడ్డొచ్చినవాణ్ణి కొరకడం.

సత్యనారాయణ: మరేం చేశావు?

సుజాత: "చెప్పి వెళ్ళమ్మా" అన్నాను. "అన్నం తిని, పడుకుని లేచేసరికి వస్తాను" అని చెప్పి, ముద్దు పెట్టి, ఇంక వెనక్కి తిరగకుండా వెళ్ళిపోవాలి. మొదటి రోజు మామూలుకంటే ఎక్కువే ఏడ్చాడు. నాలుగో రోజుకి తగ్గింది. అమ్మ వస్తానన్న వేళకి వస్తోందిగా, నమ్మకం కుదిరింది. ఇప్పుడు ఏడుపొస్తే... ఒక వస్తువు పట్టుకుని కూర్చుంటాడు.

సత్యనారాయణ: ఏ వస్తువు?

సుజాత: ఈ ప్లేటుకి కనుబొమ్మలు ఎలా ఉండాలంటారు?

సత్యనారాయణ: సుజాతా. ఏ వస్తువు?

సుజాత: ...సోమవారం మజ్జిగకని చేతికందిన గ్లాసు సంచిలో పడేసుకున్నాను. వాడు అది తీసి, మీద గీతలేంటని ఆయాని అడిగాడు. ఆవిడ చదివి చెప్పింది, "సత్తిబాబు" అని.

సత్యనారాయణ: అయితే?

సుజాత: వాడి పేరూ సత్తిబాబే.

(నిశ్శబ్దం. అన్నవరం ఇంత దగ్గర కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. వీధిలో సత్తిబాబూ అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు.)

సత్యనారాయణ: నా గ్లాసు! తీసుకురావాలని తోచలేదా?

సుజాత: ఎలా తెస్తానండీ? పడుకున్నా వదలట్లేదు. మూడేళ్ళవాణ్ణి, ఇచ్చెయ్యి, పంచుకో అని బలవంతపెడితే ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఆ వయసులో "నాది" అన్నది కుదురుకున్నాకే "నీది" అన్నది వస్తుంది. వాడంతట వాడు ఇచ్చేదాకా ఆగాలి.

సత్యనారాయణ: ఓహో. మూడేళ్ళవాణ్ణి బలవంతంగా పంచుకోమనకూడదు.

సుజాత: కూడదు.

సత్యనారాయణ: వాడి వస్తువు వాడికి చెప్పకుండా తియ్యకూడదు.

సుజాత: అస్సలు కూడదు.

సత్యనారాయణ: మరి యాభై నాలుగేళ్ళవాడిది?

(సుజాత పెన్ను ఆగింది. స్కెచ్ పెన్ను ఒకేచోట ఆగితే ప్లేటు మీద మరక పెద్దదవుతుంది. దిగులు మొహానికి పుట్టుమచ్చ వచ్చింది.)

సుజాత: ...అడిగి తీసుకెళ్ళాల్సింది. నాదే పొరపాటు.

(పాతికేళ్ళుగా ఈ వాక్యం కోసం ఎదురుచూసిన మనిషి. తీరా వినపడేసరికి ఏం చెయ్యాలో తెలియక మోడా లాక్కుని కూర్చున్నాడు.)

సత్యనారాయణ: ఊరికే స్టీలు గ్లాసని కాదే. అమ్మమ్మ ఇచ్చింది.

సుజాత: తెలుసు. బళ్ళో వేసినప్పుడు.

సత్యనారాయణ: 1975లో.

సుజాత: ఈ అంగన్‌వాడీల పథకం మొదలైందీ ఆ ఏడే. అక్టోబరు 2న. ఇంకా మన ఊరిదాకా వచ్చుండదు లెండి.

సత్యనారాయణ: వచ్చుంటే బాగుండేది. మొదటి రోజు బళ్ళో తెగ ఏడ్చాను. దాహమేస్తే తాగరా, నేను గుమ్మంలోనే ఉన్నాననుకో అని అమ్మమ్మ ఆ గ్లాసు చేతిలో పెట్టి పంపింది. మాస్టారు లాక్కుని గూట్లో పెట్టేశారు. సాయంత్రం దాకా ఆ గూడు వంకే చూస్తూ కూర్చున్నాను.

సుజాత: గోడకుర్చీ ఆ రోజేనా?

సత్యనారాయణ: గోడకుర్చీలోంచి గూడు ఇంకా బాగా కనిపించేది.

(సుజాత ఏమీ అనలేదు. "అయ్యో" అనలేదు, "పోనీలెండి" అనలేదు. ప్లేట్లన్నీ ఆయన ముందుకు జరిపింది. ఆయన వాటిని కాసేపు చూసి, పుట్టుమచ్చ ఉన్నదాని మీద వేలు పెట్టి, ఎవరైనా చూశారేమోనని గుమ్మం వైపు చూశాడు.)

సత్యనారాయణ: రేపు నాకు ఆఫ్. నేనే వచ్చి అడుగుతాను వాణ్ణి.

సుజాత: రండి. కానీ మీ బస్సు గొంతుతో కాదు. ముందు వాడి ఎత్తుకి కూర్చోవాలి.

సత్యనారాయణ: ఆ మాత్రం కూర్చోలేనా?

(గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు రెండూ విడివిడిగా అరిచాయి.)

సుజాత: ఇప్పుడు నేనే వాణ్ణి అనుకోండి. అడగండి.

సత్యనారాయణ: బాబూ, ఆ గ్లాసు...

సుజాత: నాది!

సత్యనారాయణ: ఇదేంటే, మొదట్లోనే!

సుజాత: వాడు అలాగే అంటాడు. మీరూ ఇందాక అలాగే అన్నారు.

సత్యనారాయణ: సత్తిబాబూ, నా పేరూ సత్తిబాబే. నువ్వు తాగడం అయిపోయాక నాకోసారి ఇస్తావా?

సుజాత: ఇవ్వను.

సత్యనారాయణ: అప్పుడేం చెయ్యాలి?

సుజాత: "సరే, నీకు ఇప్పుడు ఇవ్వాలని లేదు" అనాలి. పక్కన కూర్చోవాలి.

సత్యనారాయణ: ఎంతసేపు?

సుజాత: చెక్క గుర్రానికి తొమ్మిది రోజులు పట్టింది.

సత్యనారాయణ: తొమ్మిది రోజులు సెలవు పెట్టాలా! డిపోలో ఏమని రాయను? (లేవబోయి ఆగిపోయాడు.) సుజాతా.

సుజాత: ఊఁ.

సత్యనారాయణ: మోకాలు పట్టేసింది. చెయ్యివ్వు.

సుజాత: అరవకుండా, గిన్నెలు విసరకుండా, ఏం కావాలో నోటితో అడిగారు. చూశారా!

సత్యనారాయణ: పిల్లల్ని మెచ్చుకున్నట్టు మెచ్చుకోకు. లేపు ముందు.

(లేపింది. తర్వాత కాఫీ కూడా ఇచ్చింది, స్టాండులో గ్లాసులోనే. ఆయన ఏమీ అనలేదు. మామగారి పేరున్న వైపు అవతలికి తిప్పుకుని తాగాడు.)