ఇల్లు ఖాళీ చేయమని కోడి మెడకు నోటీసు

మహారాజశ్రీ పచ్చి కోడి మెడ గారికి,
కేరాఫ్ మా డీప్ ఫ్రీజర్, రెండో అర,
కుందలహళ్లి, బెంగళూరు.

ఉభయకుశలోపరి.

చిన్నప్పుడు తాతయ్యకు కార్డు రాసిన అలవాటు కొద్దీ అలా మొదలుపెట్టాను గానీ, కుశలమంతా మీవైపే ఉంది. మైనస్ 18 డిగ్రీల చల్లదనంలో కవరుకు ఆరుగురు చొప్పున హాయిగా పడుకున్నారు. మావైపు సంగతులు చెప్పడానికే ఈ ఉత్తరం.

మా కుక్క లడ్డూకు తిండిగా మీరు మా ఇంట్లో ఎలా దిగారో ముందు గుర్తుచేస్తాను. పోయిన మే నెలలో ఒక ఆదివారం మావారు లడ్డూని తీసుకుని కబ్బన్ పార్కుకు వెళ్లారు. ఆదివారం పొద్దున్న ఈ ఊళ్లో కుక్కలున్నవాళ్లు చాలామంది అక్కడే తేలతారు. కుక్కలు ఒకదాన్నొకటి వాసన చూసుకుంటాయి, వాటిని తెచ్చినవాళ్లు ఒకరి జీతం ఒకరు వాసన చూసుకుంటారు. అక్కడ మన గుంటూరాయనే ఒకాయన తగిలి, "ఏం పెడుతున్నారండీ వీడికి?" అని అడిగాట్ట. ప్యాకెట్ ఫుడ్ అనీ, మా అత్తగారు వచ్చినప్పుడు పెరుగన్నం అనీ మావారు దాచకుండా చెప్పేశారు. ఆయన చావు పరామర్శకు వచ్చినట్టు భుజం మీద చెయ్యి వేసి, "తోడేలుకు పెరుగన్నమా సార్!" అన్నాట్ట.

ఇక్కడ ఆ తోడేలు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. 34 కిలోల లాబ్రడార్. కుక్కర్ మూడో కూతకు బాత్రూంలో దూరతాడు. గోడ మీద బల్లి కనిపిస్తే మొరగడు, వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతాడు. వాన పడితే పసుపు రెయిన్‌కోటు తొడగనిదే లిఫ్ట్ ఎక్కడు. ఏసీ 24 దాటితే నిద్రపోడు. దీపావళికి మూడు రోజులూ మంచం కిందే కాపురం. ఈ తోడేలు గుంపును వెంటబెట్టుకుని దుప్పిని వేటాడుతుందని మావారు నమ్మారు. లడ్డూ అని పేరు పెట్టింది కూడా ఆయనే.

ఆ రాత్రంతా ఆయన ఫోన్‌లో చదివారు. పొద్దున్న కాఫీతో పాటు నాకు ఉపదేశం మొదలైంది. కుక్కలకు పచ్చి మాంసం, ఎముకలే పెట్టాలనే పద్ధతికి ఊపు తెచ్చింది ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడట, 1993లోనట. ప్రకృతి సిద్ధమట. పూర్వీకుల ఆహారమట. ఈ మాటలంటున్న పెద్దమనిషి చికెన్ కొట్టు దగ్గర కత్తి లేవగానే అటు తిరిగి ఫోన్ చూసుకునే రకం. ఆమ్లెట్ పెనాన్ని మూడుసార్లు కడిగిస్తే గానీ దోసె తినరు. పూర్వీకుల ఆహారమంటే వాళ్ల నాయనమ్మ చేసిన రాగి సంకటి కూడా కావాలి కదా, అది మాత్రం గొంతు దిగదు ఆయనకు.

సరే, మీరు వచ్చారు. రాక ఎంత వైభోగంగా! మా ఒంగోల్లో చికెన్ కొట్టు ముందు మీ బతుకేమిటో నాకు తెలుసు. కత్తి మొద్దు మీద పడుతూ ఉంటే తల, కాళ్లు, మెడ ఒక పక్కకు జరిగేవి. ఎవరైనా అడిగితే కూర ముక్కల్లో కలిపి ఇచ్చేవాడు, లేకపోతే మెట్ల కింద కూర్చున్న కుక్కలకు. (మెడ ముక్క కోసం అన్నయ్యతో కొట్టుకున్నదాన్నే నేను. కూరలో మీరంటే నాకు గౌరవమే. ఈ గొడవంతా మీరు పచ్చిగా ఉన్నందుకే.) ఇక్కడ మీరు గాలి తీసిన కవర్లో, ఐసు పెట్టెలో, పసుపు టీషర్టు కుర్రాడి వీపు మీద ఊరేగుతూ వచ్చారు. అరకిలో 260 రూపాయలు. కవరు మీద మనుషులు తినదగిన నాణ్యత అని రాసి ఉంది. మా వీధి చివర కొట్లో కిలో 80కే ఇస్తాడు. నన్ను చూడగానే "నాయిగా మేడమ్?" (కుక్కకా అని, కన్నడంలో) అని నవ్వుతాడు. అక్కడ కొంటే మీరు వేస్టు ముక్క, యాప్‌లో కొంటే పూర్వీకుల ఆహారం. మీ కోసం 17,500 పోసి డీప్ ఫ్రీజర్ కొన్నాం, ఈఎంఐ మార్చి దాకా ఉంది.

మీ జీవితంలో ఇంకో తమాషా. 2025 జులైలో బీబీఎంపీ, అంటే అప్పటి బెంగళూరు నగరపాలిక వాళ్లు, రోజుకు 5,000 వీధికుక్కలకు వండిన భోజనం పెడతామని ప్రకటించారు. కుక్కకు 150 గ్రాముల చికెన్, 100 గ్రాముల అన్నం, 100 గ్రాముల కూరగాయలు, 10 గ్రాముల నూనె. 2.88 కోట్ల ఖర్చు. కుక్కలకు బిర్యానీయా అని ఊరంతా గగ్గోలు. నేను పేపర్లో ఆ లెక్క చదువుతుంటే మా బాల్కనీలో లడ్డూ పచ్చి మెడ నములుతున్నాడు. వీధిలో ఉన్నవాడికి ఉడికించిన విందు, ఏసీలో ఉన్నవాడికి అడవి తిండి. అందరూ బిర్యానీ అని నవ్వారు గానీ, ఆ కాగితం రాసినవాడికి కనీసం పొయ్యి వెలిగించాలని తెలుసు.

ఇక వరలక్ష్మీ వ్రతం విషయానికి వస్తాను. అది నేను మర్చిపోను, మా అత్తగారు అసలే మర్చిపోరు.

ఆవిడ ముందురోజే ఒంగోలు నుంచి దిగారు. పూర్ణాలకు పప్పు నానబోసి, వాయనాలకు తెచ్చిన వంద తమలపాకులు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టారు. మావారు మర్నాటి భోజనానికని మిమ్మల్ని డీప్ ఫ్రీజర్లోంచి తీసి, కరగడానికి అదే ఫ్రిజ్ పై అరలో పెట్టారు. మూత లేని స్టీలు గిన్నెలో, అంచు దాకా. తెల్లవారి ఐదింటికి అత్తగారు తలంటుకుని, తడి జుట్టుతో ఫ్రిజ్ తలుపు తీసేసరికి మీ రసం పై అర నుంచి కింది అరకు, అక్కడి నుంచి తడిగుడ్డ మీదకు, గులాబీ రంగులో చుక్క చుక్కగా దిగుతోంది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మాయ్, ఇలా రా" అన్నారు. అంతే.

వంద ఆకులు చెత్తలోకి పోయాయి. పాలు, పెరుగు, కోరిన కొబ్బరి, మూత సరిగా లేని పప్పు, అన్నీ పోయాయి. పొద్దున్న ఆరింటికి ఇద్దరం ఫ్రిజ్ అరలు ఊడదీసి వేణ్నీళ్లతో కడిగాం. ఎనిమిదింటికి మావారు లేచి వచ్చి, "ఏంటమ్మా, పండగ పూట ఇప్పుడా క్లీనింగ్?" అన్నారు. అత్తగారు కొడుకును ఒక చూపు చూశారు. ఆ చూపుకు నాకు పదిహేనేళ్ల బాకీ తీరినట్టయింది.

అప్పటికి ఆవిడ బాధ మడి గురించే. నాదీ అంతే, నిజం చెప్పాలంటే. మైల ఒక్కటే కాదు, అంతకన్నా పెద్ద చిక్కుంది అని తర్వాత తెలిసింది.

కార్తీక సోమవారం. అత్తగారు ఉపవాసం, నక్షత్రం కనబడితే గానీ మెతుకు ముట్టరు. బెంగళూరు ఆకాశం సంగతి మీకు తెలియదు, మీరు ఫ్రీజర్లోంచి చూడలేదు. మబ్బు. ఆవిడ బాల్కనీలో మెడ ఎత్తి నిలబడ్డారు. వెనకాల లడ్డూ కూడా మెడ ఎత్తి నిలబడ్డాడు. భక్తి కాబోలు అనుకున్నాను. చూస్తే నోట్లోంచి తీగలు సాగుతూ చొంగ, గుటక వేయబోయి ఆగిపోతున్నాడు, కక్కబోతే ఏమీ రావడం లేదు. వాడు మిమ్మల్ని నమల్లేదు. లాబ్రడార్ ఎప్పుడు నమిలింది గనక! మీరు గొట్టంలా ఉంటారు, వాడి గొంతూ గొట్టమే. సగం దారిలో ఇరుక్కున్నారు.

కారులో వెనక సీట్లో లడ్డూ తల అత్తగారి ఒళ్లో. ఒంటి మీద ఉపవాసం చీర. ఆవిడ నోరెత్తలేదు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి డాక్టరమ్మ తెర మీద చూపించింది. నల్లటి దాంట్లో తెల్లగా, వరసగా, మీ పూసలు. ఆ రోజు మా అత్తగారికి కనబడిన మొదటి చుక్క అదే.

మత్తిచ్చి, గొట్టం దింపి, మిమ్మల్ని బయటికి లాగారు. 28,000. మీ తూకం లెక్కన చూస్తే అప్పటి వెండి ధరకన్నా ఖరీదే పడ్డారు.

డాక్టరమ్మ కన్నడ మనిషే గానీ తెలుగు బాగా మాట్లాడుతుంది. మావారు అక్కడ కూడా వాదనకు దిగారు. ఉడికించిన ఎముకే చీలి గుచ్చుకుంటుంది, పచ్చిది మెత్తగా ఉంటుంది కదా అని. ఆవిడ ఒప్పుకుంది. ఉడికిన ఎముక ఇంకా ప్రమాదం, అది ఎవరికీ పెట్టొద్దు అంది. "కానీ సార్, పచ్చిది ఇరుక్కోదని ఎవరు చెప్పారు?" అని తెర వైపు చూపించింది. గట్టి ఎముక కొరికి పళ్లు చీల్చుకున్నవి వస్తాయంది, పేగుల్లో ఎముకల పొడి సుద్దలా గట్టిపడి మూడు రోజులుగా ముక్కుతూ దొడ్డి రాక వచ్చేవీ ఉంటాయంది. ఫ్రీజర్లో పెడుతున్నాం కదా అంటే, పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే క్రిమి చలికి చావదు, ముసుగు తన్ని పడుకుంటుంది, బయటికి తీయగానే లేస్తుంది, 74 డిగ్రీల వేడి తగలాలి అంది. కుక్క పైకి నిక్షేపంగా ఉంటూనే ఆ క్రిముల్ని దొడ్డిలో వదులుతుందట. వెనక నాక్కుని, అదే నోటితో మా పాప బుగ్గ నాకుతుంది. మా అత్తగారికి 71 ఏళ్లు. నేను తమలపాకుల్ని తలుచుకున్నాను.

మీ పేరు మీద ప్రత్యేకంగా ఒక ఫైలు కూడా ఉందండోయ్. కుక్కలకు ఉన్నట్టుండి వెనక కాళ్లు పడిపోయి, పక్షవాతంలా పైకి పాకే జబ్బొకటి ఉంది. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ జబ్బున్న 27 కుక్కల్ని, లేని 47 కుక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తే పచ్చి చికెన్‌తో సంబంధం కనిపించింది. అనుమానం కాంపైలోబాక్టర్ అనే క్రిమి మీద. వాళ్లు మరీ గుర్తుపెట్టుకుని చెప్పిన భాగం కోడి మెడ. చిన్నప్పుడు నేను కొట్టుకున్నది మీ కోసమేనా అనిపించింది.

అప్పటిదాకా మౌనంగా ఉన్న అత్తగారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "పెరుగన్నం పెడితే తప్పా అమ్మా?" డాక్టరమ్మ నవ్వి, 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చిన మాట చెప్పింది. పిండి పదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలుకు రెండు నకళ్లే ఉంటే, కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయట. మనిషి ఇంటి చూరు కింద చేరి, మనం పెట్టింది తిని, అన్నం అరిగించుకోవడం నేర్చిన జంతువు అది. అయితే ఉత్త పెరుగన్నం చాలదనీ, ఉత్త చికెన్ అన్నం కూడా చాలదనీ, మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ కాబట్టి కొలత తప్పితే కుక్కపిల్లల ఎముకలే బలహీనపడతాయనీ చెప్పి, ఒక చార్ట్ రాసి ఇచ్చింది. అత్తగారు మొదటి సగం విన్నారు. రెండో సగానికి ఆవిడకు ఫోన్ వచ్చింది. ఒంగోలు నుంచి. కబురు అప్పుడే చేరవేశారు, తోడేలు కాదట, అన్నం తినేదేనట అని.

అందువల్ల అయ్యా, ఈ నోటీసు.

ఈ ఊరి పాత ఆనవాయితీ ప్రకారం మీ దగ్గర పది నెలల అడ్వాన్సు తీసుకోవాల్సింది. తీసుకోలేదు. పైగా గది మేమే కట్టించి ఇచ్చాం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల పట్టుకోవడం కూడా ఆనవాయితీ. ఫ్రిజ్ కడిగిన కూలి, వంద తమలపాకులు, 28,000, ఇవన్నీ కలిపి మీకు రావలసింది ఏమీ లేదని గమనించగలరు. మీ గదికి అప్పుడే కొత్త అద్దెదారు కుదిరింది. అత్తగారు ఉసిరికాయలు తెస్తున్నారు.

మీవాళ్లు ఇంకా పదకొండు కవర్లున్నారు. వీధికుక్కలకు వేసేద్దామని మావారు అన్నారు. వాటి గొంతులేమైనా వేరేనా అన్నాను. చివరికి తీర్పు అత్తగారే చెప్పారు. కార్తీక మాసంలో మీరు వంటింట్లోకి రావడానికి వీల్లేదు. అందుకని బాల్కనీలో ఇండక్షన్ పొయ్యి పెట్టుకుని, మాస్కు కట్టుకుని, మావారే మిమ్మల్ని ఉడికించి, ఎముకకు అంటుకున్న మాంసం గోళ్లతో ఒలుస్తున్నారు. ఒక్క ఎముక ముక్క పోనివ్వకుండా. నిన్న రెండు కవర్లు, ఇవాళ రెండు. కత్తి లేస్తే అటు తిరిగే మనిషి! లడ్డూ ఎదురుగా కూర్చుని, ఆయన పనిని మేనేజర్‌లా పర్యవేక్షిస్తున్నాడు. మీరంటే వాడికి ఇంకా ప్రాణమే, నేను కాదనను.

ఇట్లు,
ఇంటి ఓనరు తరఫున,
ఫ్రిజ్ కడిగిన మనిషి.

తా.క. నిన్న రాత్రి మావారు ఎవరితోనో ఫోన్‌లో గొంతు తగ్గించి "మేక కాళ్లయితే?" అంటుంటే విన్నాను. అవి మీకు చుట్టాలైతే, ఇక్కడ గది ఖాళీ లేదని చెప్పండి.