ఎర్ర గీత కింది మనిషి రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ మా సంఘ సభ్యత్వ రిజిస్టరు గారికి, వందనాలు.

నిన్న మధ్యాహ్నం 2 నుంచి 5న్నర దాకా తమ దర్శనం కోసం చర్చి వరండాలో కూర్చున్నాను. తమరుండే బీరువా తాళం ట్రెజరర్ గారి దగ్గరుంది, ఆయనేమో బట్టలు కొనడానికి పాతపట్నం వెళ్లారు. నాకు కావలసింది ఒక్క కాగితం, అంతే. ఫలానావాడు మా సభ్యుడే అని రాసిస్తే పెళ్లికూతురి తరపు సంఘంవాళ్లు మిగతాది చూసుకుంటామన్నారు.

చివరికి తమరు బయటికొచ్చారు. ఎర్రగుడ్డ అట్ట, నాఫ్తలీన్ వాసన. 214వ నంబరు మీద స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. పక్కన చిన్నక్షరాల్లో "18 నెలల చందా బాకీ". మా చర్చి గోడలు కూడా అంత తిన్నగా లేవు.

"కొట్టేసినాం కదా బాబూ, నీకు తెలీదేటి?" అన్నారు సెక్రటరీ గారు.

తెలీదండీ. రెండేళ్లు సూరత్‌లో ఉన్నాను. అక్కడ తెలుగు కూడిక దొరికిన ఆదివారం వెళ్లాను, దొరకనప్పుడు ఫోన్‌లో విన్నాను.

కిందటి ఆదివారమే కదా, ఈ సెక్రటరీ గారే యోహాను 10:28 చదివి, ఆయన చేతిలోంచి మనల్ని ఎవరూ లాక్కోలేరు, రక్షణ, అంటే పాపాల నుంచి విడుదల, ఒకసారి వస్తే ఇక పోదు అని బల్ల గుద్ది చెప్పారు, నేనూ గట్టిగా ఆమేన్ అన్నాను. ఎవరూ లాక్కోలేనిదాన్ని నెలకు 50 రూపాయలు లాగేసిందా అని అడిగితే, "రక్షణ వేరు, రిజిస్టరు వేరు" అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా జారిపోయినోడు అసలు రక్షణ పొందాడో లేదో! మనలోంచి వెళ్లిపోయారు గానీ మనవాళ్లు కారని యోహాను పత్రికలో లేదేటి?"

ఇదే నాకు మింగుడు పడటం లేదు. రక్షణ పోదట. పోయినట్టు కనిపిస్తే అసలు రాలేదట. మరి పదహారేళ్లప్పుడు మహేంద్రతనయలో నడుంలోతు నీళ్లలో, ముక్కుకి రుమాలు అడ్డంపెట్టి బాప్తిస్మమని నన్ను ముంచారే, అయినా నీళ్లు పోయి దగ్గుతూ లేచానే, ఒడ్డున మా అమ్మ ఏడ్చిందే, అదేంటి, ఈతా? ఆ సాయంత్రం నా పేరు రాసుకున్నది తమరే. అప్పుడు రాని అనుమానం చందా ఆగాక వచ్చిందా? సిగ్గుండాలి.

పోనీ వెనక వీధి పెంతెకొస్తు వాళ్ల దగ్గరికి పోదామంటే, అక్కడ రక్షణ పోతుంది. నా స్నేహితుడు ప్రతి ఉజ్జీవ కూటంలోనూ ముందుకెళ్లి మోకరించి తిరిగి తెచ్చుకుంటాడు. బైబిల్లో హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం చూపించి భయపెడతారు గానీ, అలా తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని కూడా అక్కడే ఉంది. ఆ లెక్కన మావాడు రెండోసారికే ఔట్, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. గుణుపురంలో మా లూథరన్ మావయ్యకి ఏ టెన్షనూ లేదు. "పోతుంది, తిరిగొస్తే దొరుకుతుంది, మావాళ్లు 1530లోనే జర్మనీలో, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో రాసిపెట్టేశారు" అంటాడు.

రక్షణ పోదనే తమరి వంశం మాత్రం ఇంకోటి. 1618లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో పెద్దలు కూర్చుని నెలల తరబడి వాదించి, దేవుడు ఎన్నుకున్నవాళ్లు చివరిదాకా నిలుస్తారని 1619లో తేల్చారు. అంత గట్టిగా చెప్పలేమన్న, ఆర్మీనియస్ అనే డచ్ పండితుడి శిష్యుల పాస్టరు ఉద్యోగాలు పీకేశారు. రక్షణ పోదు, పోస్టు పోతుంది!

పేరు కొట్టేస్తే ఏమవుతుందిలెండి. 1936లో మా పర్లాకిమిడిని మద్రాసు లెక్కల్లోంచి తీసేసి ఒడిశాలో రాసుకున్నారు. ఇంట్లో ఎవరైనా తెలుగు మానేశారా?

సెక్రటరీ గారు లెటర్‌ప్యాడ్ వెతుక్కునే లోపల, తమ కింద నలుగుతున్న పాత పుస్తకం తెరిచాను. మా ముత్తాత పేరు కనిపించింది. బర్మాలోని రంగం (రంగూన్) వెళ్లిపోయాడని కొట్టేశారు, అప్పుడూ ఎర్ర సిరాయే. దాని కిందే ఇంకెవరిదో వంకర చేతిరాత: "1942. నడిచి వచ్చెను. తిరిగి చేర్చుకొనబడెను. చందా బాకీ మాఫీ."

నా దగ్గర మాత్రం 900 కట్టించుకుని రసీదు చింపి ఇచ్చారు.

ఇట్లు
తమ 214, ప్రస్తుతం 391