కనిపెట్టడానికీ తొలగిపోవడానికీ నడుమ

రోమా పత్రిక 16వ అధ్యాయం 17వ వచనంలో పౌలు రెండు మాటలు చెప్తాడు. నేర్చుకున్న బోధకు విరుద్ధంగా భేదాలు కలుగజేసేవారిని ‘కనిపెట్టియుండుడి’ అనేది మొదటిది. వారిలో నుండి ‘తొలగిపోవుడి’ అనేది రెండోది. తెలుగు బైబిల్లో ఆ రెంటి మధ్యా గట్టిగా నాలుగు మాటలు కూడా లేవు. ఆ సందులోనే అమెరికాలో ఒక లూథరన్ సంఘం రెండుగా చీలింది. అరవై ఏళ్ళు దాటినా ఇంతవరకూ అతకలేదు.

ఎక్కడో మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో జరిగిన గొడవ మనకెందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. లూథరన్ సంఘంలో నాయకత్వ తగాదా అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది కోర్టు వాయిదాలు, ఒకే కుర్చీ మీద ఇద్దరి హక్కు. ఇలాంటి తగాదాల్లో ఏ వర్గమూ తాను కుర్చీ కోసం కొట్లాడుతున్నానని చెప్పదు. సత్యం కోసమంటుంది, సంఘ క్షేమం కోసమంటుంది. ఆ మాటలో నిజమెంతో తేల్చాలంటే నిజంగానే సిద్ధాంతం కోసం చీలినవాళ్ళు ఎలా ఉంటారో ఒకసారి చూడాలి. పైగా ఆ చీలికలో పుట్టిన చిన్న సంఘానికి ఆంధ్రప్రదేశ్‌లోనూ అనుబంధ సంఘాలున్నాయి.

1872లో అమెరికాలోని కొన్ని లూథరన్ సినాడ్‌లు (అంటే ఎన్నో స్థానిక సంఘాలు కలిసిన పెద్ద సంఘాలు) కలిసి సినాడికల్ కాన్ఫరెన్స్ అనే కూటమి పెట్టుకున్నాయి. అందులో మిస్సోరీ సినాడ్ పెద్దన్న. విస్కాన్సిన్ సినాడ్ తమ్ముడి లాంటిది. బోధ ఒకటే, బలిపీఠం ఒకటే. ఒకరి గుడిలో ఒకరు ప్రసంగించేవారు, ఒకరి చేతి మీదుగా ఒకరు ప్రభు భోజన సంస్కారం తీసుకునేవారు. 1938 నుంచి తేడా మొదలైంది. సిద్ధాంతంలో పూర్తిగా కలవని మరో లూథరన్ సంఘంతో మిస్సోరీ ఐక్యత చర్చలకు దిగింది. తర్వాత ఇతర విషయాలూ వచ్చి చేరాయి. ప్రభుత్వ జీతంతో సైన్యంలో చాప్లిన్లను, అంటే సైనికుల పాస్టర్లను, పెట్టడం తప్పా, ఒప్పా? వేరే విశ్వాసం వాళ్ళతో కలిసి ప్రార్థన చేయవచ్చా? చర్చి ఆవరణలో బాయ్ స్కౌట్ దళం ఉండవచ్చా? స్కౌట్ల దాకా వచ్చేసరికి మన పాఠకులకు నవ్వు రావచ్చు. వాళ్ళకు మాత్రం అది నవ్వులాట కాదు. క్రీస్తు పేరెత్తకుండా దేవుడి పట్ల నా ధర్మం నెరవేరుస్తానని పిల్లవాడి చేత ప్రమాణం చేయిస్తే, కృపను కాదని సొంత మంచితనాన్ని నమ్ముకోమన్నట్టే కదా అన్నది విస్కాన్సిన్ వాదన. వాళ్ళతో ఏకీభవించనక్కర లేదు, కానీ వాదన మాత్రం సిద్ధాంతం గురించే.

1955లో సాగినా పట్టణంలో జరిగిన మహాసభలో, మిస్సోరీ భేదాలు కలుగజేస్తోందని విస్కాన్సిన్ సినాడ్ తేల్చి చెప్పింది. అంటే ‘కనిపెట్టడం’ అయిపోయింది. తొలగిపోవడాన్ని మాత్రం వాయిదా వేసింది. అన్నతో ఇంకొంచెం మాట్లాడి చూద్దాం, మారతాడేమో అనుకుంది. అదే ఏడాది ఎవాంజెలికల్ లూథరన్ సినాడ్ అనే చిన్న నార్వేజియన్ సంఘం (దానికి ఆ పేరు ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చిందనుకోండి) వెంటనే మిస్సోరీతో సంబంధం నిలిపేసింది. విస్కాన్సిన్‌లోనూ కొందరికి ఆగాలనిపించలేదు. తప్పు అని తెలిశాక ఇంకా ఒకే కంచంలో ఎన్నాళ్ళు తినాలి అని వాళ్ళు అడిగారు.

1957 ఆగస్టులో న్యూ అల్మ్‌లో మళ్ళీ మహాసభ జరిగింది. సంబంధం తెంచుకోవాలన్న తీర్మానం ఓటుకు వచ్చింది. కావాలన్నవారు 61 మంది, వద్దన్నవారు 77 మంది. పదహారు ఓట్ల తేడా. ఆ సభలో ఎడ్మండ్ రైమ్ ఉన్నారు. ఆయన సినాడ్ సెమినరీకి అధ్యక్షుడు, పాస్టర్లను తయారు చేసే చోట పెద్ద. ఓడిపోయిన పక్షం ఆయనది. ఓటమి తర్వాత ఆయన ముందు రెండు దారులున్నాయి. ఒకటి, కుర్చీలోనే కూర్చుని, తన చేతి కింద చదివే కుర్రాళ్ళలో తన వర్గాన్ని పెంచుకుని, రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఓటుకు రావడం. మన దగ్గర తెలివైన నాయకుడెవడైనా చేసే పని అదే. ఆయన అలా చేయలేదు. మనస్సాక్షి ఒప్పని సంఘంలో పాస్టర్లను తయారు చేయలేనని పదవి వదిలేశారు. ఆ కుర్చీలోకి ఆయన సహోద్యోగి కార్ల్ లారెంజ్ వచ్చారు. ఓపిక పట్టాలన్న వాదాన్ని ఆ తర్వాత బలంగా వినిపించినవారిలో ఆయన ముఖ్యుడు.

రైమ్ లాంటివారు 1960లో సౌత్ డకోటాలోని వాటర్‌టౌన్‌లో సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నారు. దానికి చర్చ్ ఆఫ్ ద లూథరన్ కన్ఫెషన్ అని పేరు పెట్టారు. పాస్టరు అక్కడైనా ఇక్కడైనా ఉండేది సంఘం ఇచ్చిన ఇంట్లోనే. సంఘమంతా ఆయన వెంట నడిస్తే సరే. నడవకపోతే జీతంతో పాటు ఇల్లూ పోతుంది. పిల్లల బడి కూడా చర్చి బడే అయితే అదీ పోతుంది. కొత్త సంఘానికి చేతిలో కాలేజీ లేదు, సెమినరీ లేదు. 1959లో మాంకేటోలో చిన్నగా ఒక విద్యాలయం మొదలుపెట్టి, 1963లో దాన్ని ఓక్లేర్‌కు మార్చుకున్నారు. ఆ సంఘం నేటికీ చిన్నదే.

అసలు చిత్రం ఆ తర్వాతే ఉంది. 1961లో మిల్వాకీలో విస్కాన్సిన్ సినాడ్ 124–49 ఓట్లతో మిస్సోరీతో సంబంధాన్ని నిలిపేసింది. అంటే బయటికెళ్ళినవాళ్ళు అడిగినదే జరిగింది. రెండేళ్ళకు సినాడికల్ కాన్ఫరెన్స్ నుంచీ బయటికొచ్చేసింది. 1967 నాటికి ఆ కాన్ఫరెన్స్ కూడా లేకుండా పోయింది. ఇక చీలికకు కారణమేముంది, తిరిగి కలిసిపోతారని ఎవరైనా అనుకుంటారు. కలవలేదు. ఎప్పుడు తొలగాలన్న ప్రశ్న ఎలా తొలగాలన్న ప్రశ్నగా మారింది. బుద్ధి చెప్పి లాభం లేదని తేలేదాకా ఆగవచ్చని విస్కాన్సిన్ వాళ్ళన్నారు. లాభం ఉందో లేదో మనిషి ఊహించేది, దేవుడి ఆజ్ఞను దాని మీద ఆధారపరచకూడదని చీలిపోయినవాళ్ళన్నారు. 1980ల చివర్లో కూర్చుని మాట్లాడుకున్నారు. 1990లో ఉమ్మడి ప్రకటన దాకా వచ్చారు. మాటలు కుదిరాయి గానీ, అసలు గతంలో మన మధ్య తేడా ఉందని ఒప్పుకుంటామా లేదా అన్నచోట మళ్ళీ బండి ఆగింది.

ఇక్కడ మా అభిప్రాయం దాచుకోనక్కర లేదు. 1957లో కుర్చీ వదిలిన మనిషి మీద మాకు గౌరవముంది. ఆయన చదివిన వచనాన్ని మేము అలా చదవకపోవచ్చు, అది వేరే సంగతి. కానీ కారణం పోయాక కూడా దశాబ్దాల పాటు విడిగా ఉండిపోవడంలో వచనం పాత్ర ఎంత, అలవాటు పాత్ర ఎంత అన్న అనుమానం మాకు పోదు. తాతలు విడిపోయిన ఇంట్లో పుట్టిన మనవలకు ఆ గోడే ఇల్లుగా కనిపిస్తుంది. సిద్ధాంతం కోసం చీలినవాళ్ళకూ ఈ జబ్బు ఉంటుందని తెలుసుకోవడం మంచిదే.

పెద్దన్న మిస్సోరీ ఇంట్లోనూ తర్వాత మంట రేగింది. 1969లో ఆ సినాడ్‌కు అధ్యక్షుడైన జేకబ్ ప్రూస్, పదకొండేళ్ళ క్రితం దాకా మిస్సోరీతో తెగతెంపులు చేసుకున్న ఆ చిన్న నార్వేజియన్ సంఘం మనిషే. బైబిల్‌ను ఎలా చదవాలన్న విషయంలో సెయింట్ లూయీలోని సెమినరీ ప్రొఫెసర్లతో ఆయనకు పడలేదు. 1974 జనవరిలో సెమినరీ అధ్యక్షుడు జాన్ టీట్జెన్‌ను సస్పెండ్ చేశారు. ఫిబ్రవరి 19న యాభై మంది అధ్యాపకుల్లో 45 మంది, వారితో విద్యార్థుల్లో ఎక్కువ మంది సెమినరీ వదిలి నడిచి వెళ్ళిపోయారు. వెళ్తూ పచ్చిక మీద తమ పేర్లు రాసిన తెల్ల శిలువలు పాతారు, సమాధుల దొడ్డిలో పాతినట్టు. ఇందులో కొంత నాటకం లేకపోలేదు. అయితే నాటకమాడినవాళ్ళు గదులు, లైబ్రరీ, భోజనాల హాలు అన్నీ అక్కడే వదిలి వెళ్ళారు. వాళ్ళ వెంట వచ్చిన సంఘాలు 1976లో పెట్టుకున్న చిన్న సంస్థ పేరు పొట్టిగా రాస్తే ఏఈఎల్‌సీ. గుంటూరులో ఉన్న మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి పొట్టి పేరూ అదే. పేరు కలవడం యాదృచ్ఛికం, కథలు మాత్రం ఎక్కడా కలవవు. అమెరికా ఏఈఎల్‌సీ పన్నెండేళ్ళు కూడా నిండకుండానే, 1988 మొదటి రోజున ఇంకో రెండు పెద్ద సంఘాలతో కలిసిపోయి తన పేరు తానే చెరిపేసుకుంది. పుట్టినప్పుడే ఇలా కలిసిపోవాలని కోరుకున్న సంస్థ అది.

మన కథ వేరు. 1842 జులై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. గోదావరి ఒడ్డున జర్మన్లు మొదలుపెట్టిన రాజమండ్రి మిషన్ కూడా తర్వాత అమెరికా వాళ్ళ చేతికే వచ్చింది. కాలేజీ వచ్చింది, కుగ్లర్ ఆసుపత్రి వచ్చింది, ఊరూరా బడి వచ్చింది. ఊళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వని వాడల్లోకి అక్షరం వచ్చింది. ఎన్నో మాల, మాదిగ కుటుంబాల మొదటి పట్టభద్రుడు ఆ బడుల్లోంచే వచ్చాడు. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. మిషనరీలు క్రమంగా వెళ్ళిపోయారు. ఊరి నడిబొడ్డున ఎకరాలకు ఎకరాలు, వాటి మీద పెద్ద పెద్ద సంస్థలు మిగిలాయి. అప్పట్లో పొలిమేరలో ఇచ్చిన స్థలం ఇప్పుడు బస్టాండుకు పది నిమిషాల దూరం.

మన దగ్గర తగాదా వేడి అక్కడి నుంచే పుడుతుంది. పూర్వనిర్ణయం (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడన్న బోధ) మీదనో, సంస్కారం మీదనో మన సంఘ నాయకులు గొంతు చించుకోగా విన్నవాళ్ళు అరుదు. ఎవరి సంతకంతో లీజు చెల్లుతుంది, కాలేజీకి కరస్పాండెంటు ఎవరు, ఆసుపత్రి కమిటీలో ఎవరెవరు, బదిలీలు ఎవరి చేతిలో, బ్యాంకు ఖాతా ఎవరు నడుపుతారు అన్నవే ప్రశ్నలు. చిన్న సంఘాల్లోనూ ఇంతే, ఎకరాలకు బదులు సెంట్లు ఉంటాయి.

ఇది ఎలా నడుస్తుందో సామాన్య సభ్యుడికి తెలియాలి. చర్చి సంస్థల్లో చాలావాటికి చట్టం ముందు ఉన్న ఉనికి సొసైటీ రిజిస్ట్రేషనే. ఎన్నిక జరిగాక కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. వర్గాలు రెండయితే జాబితాలూ రెండవుతాయి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద ఇలాంటి వివాదం మధ్యవర్తిత్వానికైనా పోవాలి, జిల్లా కోర్టుకైనా పోవాలి. రిజిస్ట్రారు తీర్పరి కాదు. కోర్టుకు పోతే స్టే, స్టే మీద అప్పీలు. ఈలోగా పదవీకాలం అయిపోతుంది. ఎన్నిక పెట్టకుండా కొనసాగడానికి ఆ కేసే సాకు అవుతుంది. మధ్యలో నలిగేది ఆదివారం తెల్ల చీర కట్టుకుని, చెంగున కానుక ముడి వేసుకుని వచ్చే ముసలమ్మ. గుడికి తాళం, గేటు దగ్గర కానిస్టేబుల్. లోపలికి ఏ అయ్యగారు వస్తారో ఆమెకు తెలియదు. ఎవరొచ్చినా ఆమె పాడే కీర్తన ఒకటే.

లూథరన్లు తమ విశ్వాసానికి ఆధారంగా చూపే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో 28వ అధికరణం బిషప్పుల అధికారం గురించే. బిషప్పు పని సువార్త ప్రకటించడం, సంస్కారాలు జరిపించడం, పాపాలు క్షమించడం. లోకాధికారాన్ని దాంతో కలపవద్దని అందులో గట్టిగా రాసి ఉంది. మన సంఘాల్లో బిషప్పో అధ్యక్షుడో తన సంతకంలో ఆ రెండూ కలిపేసుకున్నాడు. ఒకే మనిషి చేతిలో సంస్కారమూ, సేల్ డీడూ ఉంటే ఆ కుర్చీ కోసం కొట్లాట ఆగదు.

ప్రభుత్వం దీన్లో వేలు పెట్టాలని మేము అనడం లేదు. కుర్చీ తగాదాలో ఒక వర్గాన్ని చేరదీసి ఓట్లు లెక్కేసుకునే అలవాటు అన్ని పార్టీలకూ ఉంది, అది మానితే చాలు. కోర్టులు ఇలాంటి కేసుల్లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చిన రోజే ఎన్నికకు తేదీ కూడా పెట్టాలి. మిగతాది సంఘాల చేతిలో ఉంది. ఆస్తుల నిర్వహణను బోధక పదవి నుంచి విడదీసి, బయటి ఆడిటరు తనిఖీ చేసే వేరే బోర్డుకు ఇవ్వాలి. లీజు ఏదైనా సినాడ్ సభ ముందుకు రాకుండా చెల్లదని నియమావళిలో రాసుకోవాలి. పదవీకాలం ముగిసిన రోజునే సంతకం అధికారమూ ముగియాలి, కేసు ఉన్నా సరే. ఓటర్ల జాబితా ఎన్నికకు ముందు ప్రతి గుడి తలుపుకూ అంటించాలి. దానితో పాటు ఆ ఏడాది లీజుల పట్టిక కూడా, ఏ షాపు ఎవరికి ఎంతకు ఇచ్చారో అంకెలతో సహా.