హెచ్చరిక అందింది, మరి ఎటు వెళ్లాలి?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లోకి బుడమేరు వాగు వచ్చేసింది. భారీ వర్షాలు పడతాయని వాతావరణ శాఖ ముందే చెప్పింది. ‘లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అన్న మాట టీవీల్లో ఎప్పటిలాగే వినిపించింది. తమది లోతట్టు ప్రాంతమో కాదో, నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో, ఏ దారిన బయటపడాలో ఆ వీధుల్లో చాలామందికి తెలిసేలోపే ఇళ్లు మునిగాయి.

నిజానికి బుడమేరు ఎలా ప్రవర్తిస్తుందో ఎవరికీ తెలియని సంగతి కాదు. నీటిని గేట్లతో అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాని వరదను మళ్లింపు కాలువలోకి పంపి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా పారుతుంటే ఆ నీరు నదిలోకి సరిగా దిగదు. బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది ఆ రోజుల్లోనే. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. 2005లోనూ ఈ వాగు నగరాన్ని ముంచింది. ఇరిగేషన్ ఇంజినీర్లకు, గేట్ల దగ్గర కాపు కాసే లస్కర్లకు ఇదంతా తెలుసు. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండే కుటుంబానికి మాత్రం ఎవరూ చెప్పలేదు. నా బాధ అక్కడే.

మనకు నిపుణుల కొరత లేదు. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నడుపుతోంది. పిడుగులకు దామిని యాప్, అన్ని రకాల ప్రభుత్వ హెచ్చరికలకు సచేత్ యాప్ ఉన్నాయి. జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉండేది గన్నవరం దగ్గర కొండపావులూరులోనే. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను చితక్కొట్టినా ప్రాణనష్టం ఆ స్థాయిలో లేదు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా చెప్పగలగడం, జనాన్ని సమయానికి తరలించడం వల్లే అది సాధ్యమైంది. నగర వరద విషయంలో ఆ పట్టు మనకింకా చిక్కలేదు.

వాతావరణ శాఖ హెచ్చరికల రంగులు జిల్లాను ఉద్దేశించి చెప్పేవి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండాలని: కాగితాలు, మందులు సంచిలో సర్దుకోవాలి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవాలి. రెడ్ అంటే ఇక కదలాల్సిన సమయం. మన వీధి సంగతి మాత్రం ఆ రంగులో ఉండదు. వాగు గేట్లు ఎత్తారా, పునరావాస కేంద్రం ఏ స్కూల్లో, పడవ ఎక్కడిదాకా వస్తుంది అన్నవి జిల్లా యంత్రాంగమే చెప్పాలి. రాష్ట్ర కంట్రోల్ రూమ్ నంబరు 1070, జిల్లాది 1077, ప్రాణాపాయంలో 112. వరద వచ్చాక అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే లైన్ దొరకడమే కష్టం. అందుకే పోయినసారి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, మంచం పట్టిన పెద్దవాళ్లను ఎవరు తీసుకెళ్తారో ఎండాకాలంలోనే వార్డు సచివాలయానికి వెళ్లి అడగాలి. ఆ పని చేయకపోతే టెన్షన్‌లో వాట్సాప్‌లో వచ్చిందే నమ్మాల్సి వస్తుంది. ‘కట్ట తెగింది’ అన్న ఒక్క పుకారు చాలు, అర్ధరాత్రి వీధులకు వీధులు రోడ్డు మీదికి పరుగెత్తడానికి.

2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించాలి. అది ఇంగ్లిష్‌లో కలెక్టరేట్ ఫైళ్లకో, పీడీఎఫ్‌కో పరిమితమైతే సింగ్‌నగర్‌కు ఒరిగేది లేదు. ఏ వీధికి ఎంత ముంపు, ఏ గేటు ఎత్తితే ఎన్ని గంటల్లో నీరు చేరుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి తెలుగులో, మ్యాపుతో సహా, జూన్ రాకముందే ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఉండాలి. అది లేని చోట కార్పొరేటర్‌ను, తహసీల్దార్‌ను రాతపూర్వకంగా అడిగే హక్కు మనకుంది.