వియన్నాలో రెండు రోజులు: ఊరా, ఏటిగట్టా?

మ్యూనిక్‌లో మా ఇంటి నుంచి వియన్నాకి రైల్లో నాలుగు గంటలు. జూలైలో ఒక శుక్రవారం రాత్రికి చేరి, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. చేతిలో ఉన్నవి రెండే పగళ్లు. రెండూ నగరంలోనే గడపాలని మా ఆవిడ పట్టు. ఒక రోజు డాన్యూబ్ నది పక్కన వాఖావ్ లోయకి వెళ్లాలని మా బావమరిది పట్టు. టిక్కెట్లు కొనాల్సింది నేను కాబట్టి అక్కాతమ్ముళ్ల వాదన మొదటి నుంచి చివరిదాకా విన్నాను.

అక్క: రెండు రోజులూ ఉన్నా వియన్నా పూర్తవదు. అందులో ఒకటి కోసేస్తే ఇంకేం మిగులుతుందిరా? పదహారో శతాబ్దపు చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాల గది ఒక్కదానికే ఒక పూట కావాలి. ఆయన చిత్రాలు ఇన్ని ఒక్కచోట ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

తమ్ముడు: ఆ చిత్రాల్లో ఉన్నదేంటక్కా? మంచులో వేట నుంచి ఇంటికొస్తున్న మనుషులు, పల్లెటూరి పెళ్లి భోజనం. గోడ మీద పల్లెకి ఒక పూట ఇస్తున్నావు. గంట దూరంలో ఉన్న పల్లెకి ఒక రోజు ఇవ్వవా?

అక్క: పల్లె కోసం ఊరు దాటక్కర్లేదు. వియన్నా హద్దుల్లోనే దాదాపు 600 హెక్టార్ల ద్రాక్షతోటలున్నాయి. డి ట్రామ్ ఎక్కి చివరిదాకా కూర్చుంటే నుస్‌డార్ఫ్ వస్తుంది. తోటలవాళ్లు తమ వైన్ తామే అమ్ముకోవచ్చని రెండో జోసెఫ్ చక్రవర్తి 1784లో అనుమతిచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. గుమ్మానికి పైన్ కొమ్మ వేలాడుతుంటే లోపలికి రమ్మని అర్థం.

తమ్ముడు: తోటలు బాగుంటాయి, కాదనను. కానీ ఏరు? వియన్నా దగ్గర డాన్యూబ్‌ని 1870ల్లో తవ్వి తిన్నగా చేసేశారు. వాఖావ్‌లో ఇంకా స్వేచ్ఛగా పారుతోంది. అక్కడ జలవిద్యుత్ కోసం ఆనకట్ట కడతామంటే లోయ జనం 1970ల్లో సంఘం పెట్టి ఎదిరించారు. ఆనకట్ట రాలేదు. ప్రవాహం ఆగలేదు కాబట్టే ఆ లోయలోని స్పిట్జ్ ఊరి దగ్గర ఏరు దాటించే పడవకి ఇంజన్ లేదు. ఏటికి అడ్డంగా పైన ఒక తీగ ఉంటుంది, పడవని దానికి కట్టి ఉంచుతారు. చుక్కాని తిప్పితే నీళ్లే దాన్ని అవతలి ఒడ్డుకి నెడతాయి. కార్లని కూడా అలాగే దాటిస్తారు. నరసాపురంలో పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవుకి ఎన్నిసార్లు దాటాం! డీజిల్ వాసన, ఇంజన్ చప్పుడు లేని పంటు చూడాలని లేదా నీకు?

(మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. వాళ్ల అమ్మమ్మగారి ఊరు సఖినేటిపల్లి పక్కనే.)

అక్క: పంటు కోసం అంత నగరాన్ని వదలమంటే ఎలా?

తమ్ముడు: ఆ నగరం గోడలకి డబ్బు ఎలా వచ్చింది? డ్యూర్న్‌స్టైన్ కొండ మీద కోటలో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ని 1192 శీతాకాలంలో ఖైదు చేశారు. ఆయన్ని విడిచిపెట్టడానికి పుచ్చుకున్న వెండితో వియన్నా కోటగోడ పెంచారు. ఆ కోట ఉన్నది వాఖావ్‌లోనే.

అక్క: ఆయన దొరికింది ఎక్కడో కూడా చెప్పు. ఎర్డ్‌బర్గ్‌లో. ఇవాళ అది వియన్నా మూడో డిస్ట్రిక్ట్, మెట్రో స్టేషన్ కూడా ఉంది. వెండి వచ్చింది వియన్నాకి, లోయకి మిగిలింది కొండ మీద శిథిలం. నగరం గోడల్ని తీసెయ్యమని 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞ ఇచ్చాక ఆ జాగాలో రింగ్‌స్ట్రాసె అనే రోడ్డు వేశారు. నేను చూడాలంటున్న మ్యూజియంలు, బ్రూగెల్ గది ఉన్న కళల మ్యూజియం, ప్రకృతి చరిత్ర మ్యూజియం, రెండూ ఆ రోడ్డు మీదే ఎదురెదురుగా ఉన్నాయి.

తమ్ముడు: వాటిలో రెండోదాంట్లో ఉన్న గొప్ప వస్తువు ఏంటి? విల్లెన్‌డార్ఫ్ స్త్రీ బొమ్మ. 11 సెంటీమీటర్ల రాతిబొమ్మ, వయసు దాదాపు 30 వేల ఏళ్లు. 1908లో వాఖావ్‌లోని విల్లెన్‌డార్ఫ్ మట్టిలో దొరికింది. నగరం దాన్ని పట్టుకుపోయింది, ఊరివాళ్లు నకలు పెట్టుకున్నారు. అది బయటపడిన నేల చూడకుండా బొమ్మ ఒక్కటే చూసి వచ్చేస్తామా?

అక్క: ఆ నేల దానికి సొంత నేల అనుకుంటున్నావా? వియన్నా విశ్వవిద్యాలయం వాళ్లు స్కాన్ చేసి, ఆ రాయి ఉత్తర ఇటలీది అయ్యుండొచ్చని 2022లో చెప్పారు. అంటే ఎవరో దాన్ని తరతరాలుగా చేతులు మార్చుకుంటూ మోసుకొచ్చారు. ఏ గాజుపెట్టెలో ఉన్నా అది వలస వచ్చినదే. మనమూ అంతేగా.

(ఈ మాట నాకు బాగా తగిలింది. పదకొండేళ్లుగా సూట్‌కేసులు మోస్తున్నవాణ్ని.)

తమ్ముడు: అంతదూరం మోసినవాళ్లు ఆగింది ఎక్కడక్కా? ఏటిగట్టున. ఎందుకు ఆగారో గాజుపెట్టె ముందు నిలబడితే తెలియదు. ఆ నీళ్లు, ఆ ఎండ, ఆ వాలు చూస్తే కొంచెమైనా తెలుస్తుంది. పైగా ఇది జూలై, ఆప్రికాట్లు పండే నెల. వాఖావ్ వాళ్లు వాటిని మరిల్లె అంటారు. తోట పక్కనే కొనుక్కుని తినొచ్చు.

అక్క: సామాను?

తమ్ముడు: భుజానికి ఒక్కో బ్యాగు చాలు. లోయకి ఒక చివర ఉన్న మెల్క్ స్టేషన్ మన ఇంటికెళ్లే రైలు దారిలోనే ఉంది. ఆదివారం పొద్దున్నే వియన్నా నుంచి ఇంకో చివర ఉన్న క్రెమ్స్ వెళ్లి, అక్కణ్నుంచి బస్సులో గట్టు వెంబడే వస్తూ ఆగుదాం. సాయంత్రం మెల్క్‌లో రైలెక్కేద్దాం. వియన్నాలో ఉన్నా ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి.

అక్క: శనివారం మొత్తం నాది. బ్రూగెల్ గదిలో నన్ను తొందరపెట్టకూడదు. బొమ్మని కూడా ఆ రోజే చూస్తాం, సాయంత్రం డి ట్రామ్ ఎక్కుతాం.

తమ్ముడు: సరే. ఆదివారం మెల్క్ మఠం లోపల చూడటానికి టైం చాలకపోవచ్చు, ముందే చెప్తున్నా.

అక్క: మఠం చూడకపోయినా పర్లేదు. స్పిట్జ్ దగ్గర మాత్రం ఆ పంటు రెండుసార్లు ఎక్కుదాం. పోను ఒకసారి, రాను ఒకసారి.